‘పట్టుకొను’ అనే ఒక్క లాటిన్ క్రియ నుంచి ఇన్ని మాటలా?

సందేహాలరావు
కొంతకాలంగా స్పానిష్, ఇటాలియన్ భాషలను పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. స్పానిష్‌లో ‘కబేర్’ అంటే ఒక వస్తువు మరొక దానిలో పట్టడం. ఇటాలియన్‌లో ‘కపీరె’ అంటే అర్థం చేసుకోవడం. ఫ్రెంచిలో ‘అష్తే’ అంటే కొనడం, ఇంగ్లీషులో ‘చేజ్’ అంటే వెంటపడి తరమడం. ఈ నాలుగు మాటలూ ‘పట్టుకొను, తీసుకొను’ అనే అర్థం గల ‘కపెరె’ అనే ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చాయని నిఘంటువులు చెబుతున్నాయి. నా ఫిర్యాదు ఇది: ధ్వని ఎలాగైనా మారవచ్చు, అర్థమూ ఎలాగైనా మారవచ్చు అని రెండు వైపులా తలుపులు తెరిచి పెట్టుకుంటే ఏ మాటకు ఏ మాటతోనైనా చుట్టరికం కలపవచ్చు కదా? ఇది శాస్త్రమో, తీరికగా కూర్చున్నవారి ఊహాగానమో తెలిసినవారు చెప్పాలి.

కృష్ణలంక_కుర్రాడు
నాలుక చాచి ఈగను పట్టుకుంటుంది కనుక ‘కపెరె’ మన ‘కప్ప’ నుంచే వెళ్ళిందని నా పరిశోధనలో తేలింది. ఇక చర్చ ముగించవచ్చు.

పదసంచారి
కుర్రాడి పరిశోధనను పక్కన పెట్టి ముందు అర్థం సంగతి చూద్దాం. రావు గారు తమ ఫిర్యాదులోనే దానికి సగం సమాధానం రాసేశారు: ‘ఒక వస్తువు మరొక దానిలో పట్టడం’ అన్నారు. దొంగను పట్టుకుంటాం, బియ్యమంతా ఈ డబ్బాలో పట్టదంటాం, సబ్జెక్టు మీద పట్టు ఉందంటాం, పనికి గంట పడుతుందంటాం. ఒకే క్రియ ఇన్ని పనులు చేస్తుంటే మనకు వింతగా అనిపించదు. సంస్కృతం వైపు చూస్తే ‘గ్రహ్’ ధాతువుకు చేత్తో పట్టుకోవడమే అసలు అర్థం కాగా, తెలుగులో ‘గ్రహించు’ అంటే అర్థం చేసుకోవడమే. ‘కపీరె’ నడిచిన దారి కూడా అదే.

ఇది పోలిక మాత్రమే కాదు, లాటిన్‌లోనే దీనికి రాతపూర్వకమైన సాక్ష్యం ఉంది. నాలుగో శతాబ్దం చివర జెరోమ్ సవరించిన లాటిన్ సువార్తలను తీసుకోండి. యోహాను సువార్త చివరి వాక్యంలో, యేసు చేసినవన్నీ రాస్తే ఆ గ్రంథాలు ప్రపంచంలోనే పట్టవన్న చోట ఉన్న క్రియ ‘కపెరె’. మత్తయి సువార్త 19వ అధ్యాయంలో, ఈ మాటను గ్రహించగలవాడు గ్రహించుగాక అన్న చోట ఉన్నదీ ‘కపెరె’యే. అంటే స్పానిష్, ఇటాలియన్ అనే పేర్లతో భాషలు విడిపోవడానికి చాలాముందే ‘ఇముడ్చుకొను’, ‘గ్రహించు’ అనే రెండు అర్థాలూ తల్లిలో ఉన్నాయి. ఒక కూతురు ఒకటి, మరో కూతురు ఇంకొకటి పట్టుకుపోయారు.

సందేహాలరావు
అర్థం సంగతి ఒప్పుకుంటాను. కానీ ‘అష్తే’లో కకారమూ లేదు, పకారమూ లేదు. ‘చేజ్’లోనూ లేవు. మూలంలోని రెండు హల్లులూ మాయమయ్యాక చుట్టరికం దేనితో రుజువు చేస్తారు?

లియాన్_లలిత
పదేపదే జరిగే మార్పుతో రుజువు చేస్తారు, ఒక్కసారి జరిగిన దానితో కాదు. లాటిన్‌లో ‘క’ అని పలికే అక్షరం పారిస్ ప్రాంతపు పాత ఫ్రెంచిలో వరుసగా ‘చ’ అయింది, తరువాతి కాలంలో అది ‘ష’గా మెత్తబడింది. పాడటం అనే ‘కంతారె’ నేడు ‘షాంతే’. పొలం, మైదానం అనే ‘కంపుస్’ నేడు ‘షాం’. గుర్రం అనే ‘కబల్లుస్’ నేడు ‘షవాల్’. ఇలా డజన్ల కొద్దీ మాటలు ఒకే బాటలో నడిచాక, ‘క’ పోయి ‘ష’ కనిపిస్తే అనుమానం కలగకూడదు. అక్కడ ‘క’ అలాగే ఉండిపోతే అనుమానం కలగాలి.

అర్థానికి మెట్లున్నాయి. ‘కపెరె’ నుంచి, పట్టుకోవడానికి ప్రయత్నించు అనే అర్థంతో ‘కప్తారె’ పుట్టింది. దానికి ముందు ‘అద్’ అనే ఉపసర్గ చేరి ‘అక్కప్తారె’ అయింది. సంపాదించుకోవడం దాని అర్థం, అక్కడి నుంచి కొనడం ఒక్క అడుగే. అదే ‘అష్తే’. వేట విషయానికి వస్తే, ‘కప్తుస్’ అంటే పట్టుబడినది. దాని నుంచి వ్యవహార లాటిన్‌లో ‘కప్తియారె’ అనే రూపం ఉండేదని పండితులు పునర్నిర్మించారు. దాని సంతానమే ఫ్రెంచి ‘షాసే’, ఇటాలియన్ ‘కచ్చారె’, స్పానిష్ ‘కసార్’. మూడింటికీ వేటాడటమే అర్థం. ఫ్రెంచి రూపం పాతకాలంలో ఇంగ్లాండు చేరి ‘చేజ్’ అయింది.

క్రికెట్_సుబ్బు
అయితే ‘క్యాచ్’ సంగతి ఏమిటి? అర్థం పట్టుకోవడమే, కకారమూ నిక్షేపంగా ఉంది. అది నేరుగా లాటిన్ నుంచి వచ్చినట్లుంది.

లియాన్_లలిత
సుబ్బు గారూ, అసలు తమాషా అక్కడే ఉంది. ‘క్యాచ్’, ‘చేజ్’ రెండూ ఒకే ‘కప్తియారె’ బిడ్డలు. ఉత్తరాన నార్మండీ మాండలికంలో ‘క’ మారలేదు, అక్కడ ఆ మాట ‘కచియె’. 1066లో ఇంగ్లాండును జయించిన నార్మన్లు మొదట తమ రూపాన్ని తీసుకెళ్ళారు, తరువాత పారిస్ రూపం కూడా వెళ్ళింది. ఇంగ్లీషువారు రెండింటినీ ఉంచుకుని పని పంచి ఇచ్చారు: వెంటపడేది ఒకటి, దొరకబుచ్చుకునేది మరొకటి. కోట అనే ‘క్యాజిల్’ నార్మన్ రూపమైతే ‘షాతో’ పారిస్ రూపం. పశువులు అనే ‘క్యాటిల్’, చరాస్తి అనే ‘చాటెల్’ కూడా ఇలాంటి జంటే.

మీరు చెప్పిన ‘నేరుగా’ అన్నది మాత్రం నిలవదు. నార్మన్ మాటకు అర్థం వేటాడటమే. ఇంగ్లీషులో అప్పటికే ఉన్న, నేటి ‘లాచ్’కు మూలమైన దేశీయ క్రియ పక్కన చేరడంతో దానికి పట్టుకోవడం అనే అర్థం స్థిరపడింది. ‘కాట్’ అనే భూతకాల రూపం కూడా ఆ దేశీయ క్రియను చూసి దిద్దుకున్నదే. లాటిన్‌లో పట్టుకోవడంగా బయలుదేరి, ఫ్రెంచిలో వేటగా మారి, ఇంగ్లీషులో మళ్ళీ పట్టుకోవడానికి చేరింది.

క్రికెట్_సుబ్బు
అంటే రెండో ఇన్నింగ్స్‌లో చేజ్ చేస్తున్నవాడు క్యాచ్ ఇచ్చి అవుటైతే ఒకే ధాతువుకు రెండుసార్లు బలయ్యాడన్నమాట.

మందుల_మూర్తి
మా వృత్తిలో రోజూ కళ్ళబడే ఉదాహరణ ఒకటి చెబుతాను. డాక్టరు చీటీ పైభాగాన ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరం, దాని కాలికి అడ్డంగా ఒక గీత ఉంటాయి. అది ‘రెకిపె’ అనే లాటిన్ మాటకు సంక్షిప్త రూపం. ‘కపెరె’కు ‘రె’ ఉపసర్గ చేరిన ‘రెకిపెరె’ అనే క్రియకు అది విధ్యర్థకం, అంటే ‘తీసుకో’ అనే ఆజ్ఞ. మందు తీసుకోమని రోగికి చెప్పే మాట అనుకుంటారు చాలామంది. నిజానికి అది మందు కలిపేవాడికి చెప్పిన మాట: ఫలానా దినుసు ఇంత, ఫలానా దినుసు ఇంత తీసుకుని కలుపు అని. వంటకు వాడే ‘రెసిపీ’ అదే మాట. మొదట వైద్యుల చీటీలో పుట్టి, తరువాత వంటగదిలోకి వచ్చింది.

నీలకంఠం_వాణి
ఆ గుర్తు గ్రహాల్లోని గురుడి గుర్తు నుంచి వచ్చిందనీ, ఈజిప్టు దేవత కన్ను అనీ చదివాను.

మందుల_మూర్తి
చదవడానికి బాగుంటాయి కాబట్టి అవి చెలామణిలో ఉన్నాయి. పాత లాటిన్ రాతప్రతుల్లో అక్షరానికి అడ్డగీత పెట్టి మాటను కుదించడం మామూలు అలవాటు. ఆ ఒక్క సంగతితో గుర్తు పూర్తిగా అర్థమవుతుంటే గ్రహాల దాకా వెళ్ళనక్కరలేదు. పైగా జర్మన్ ‘రెట్సెప్ట్’, ఇటాలియన్ ‘రిచెత్తా’, స్పానిష్ ‘రెసేతా’ మూడింటికీ నేటికీ మందుచీటీ, వంట విధానం అనే రెండర్థాలూ ఉన్నాయి.

కృష్ణలంక_కుర్రాడు
అక్కడి వంటమనుషుల చేతిరాత కూడా డాక్టర్ల రాతలాగే ఉంటుందేమో కనుక్కోండి.

గుంటూరు_గుమస్తా
అయితే మన ‘రసీదు’ కూడా ఈ కుటుంబంలోదే కదా? ‘రెసీట్’ అనే ఇంగ్లీషు మాట తెలుగు నోట రసీదు అయింది. అర్థం ఒకటే, ధ్వనీ ఒకటే, పైగా ఆఫీసుల్లోనే వాడతాం.

చార్మినార్_చదువరి
కాదండీ. ‘రసీదు’ పారసీ మాట. ‘రసీదన్’ అంటే చేరడం, ‘రసీద్’ అంటే చేరింది అని. సొమ్ము ముట్టింది అని రాసిచ్చే కాగితం కనుక దానికి ఆ పేరు. ఇంగ్లీషువారి ‘రెసీట్’తో పుట్టుకలో దానికి ఏ సంబంధమూ లేదు. ధ్వనీ అర్థమూ రెండూ ఇంత దగ్గరగా ఉండి కూడా వేర్వేరు కావడం చూశాక, రావు గారి మొదటి అనుమానం తలకిందులుగా నిజమనిపిస్తుంది: పోలిక ఉన్నవి చుట్టాలు కావు, పోలిక లేనివి చుట్టాలు.

లియాన్_లలిత
‘రెసీట్’ ఇంగ్లీషు వర్ణక్రమంలో పలకని పకారం ఒకటి ఉంటుంది కదా, అది ఫ్రెంచి నుంచి రాలేదు. ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి ఆ పకారం అరిగిపోయింది. లాటిన్ చదివిన ఇంగ్లీషు పండితులు మూలంలో ఉందని గుర్తుచేసుకుని దాన్ని రాతలో మళ్ళీ చేర్చారు. అదే తీరుగా తయారైన ‘డిసీట్’, ‘కన్సీట్’ మాటల్లో మాత్రం చేర్చలేదు. పిల్లల చేత స్పెల్లింగ్ బట్టీ పట్టించేవారు ఈ పక్షపాతానికి ఆ పండితులనే తిట్టుకోవాలి.

వైజాగ్_వ్యాకరణం
ఒకే క్రియకు చెందిన మాటల్లో ఒకచోట ‘కప్’, ఒకచోట ‘కిప్’, ఒకచోట ‘కెప్’ ఎందుకొచ్చాయో ఎవరూ చెప్పలేదు. ప్రాచీన లాటిన్‌లో ఊనిక, అంటే నొక్కి పలకడం, మాట మొదటి అక్షరం మీద పడేది. ముందు ఉపసర్గ చేరితే ధాతువులోని హ్రస్వ అకారం ఊనిక కోల్పోయి బలహీనపడుతుంది. తరువాత ఒకే హల్లు ఉంటే అది ‘ఇ’ అవుతుంది, రెండు హల్లులు కలిసి వస్తే ‘ఎ’ అవుతుంది. అందుకే ‘కపియో’ అనే రూపం ‘అక్కిపియో’ అయింది, ‘కప్తుస్’ అనే రూపం ‘అక్కెప్తుస్’ అయింది. పార్టిసిపేట్, యాంటిసిపేట్ మాటల్లోని ‘సిప్’, యాక్సెప్ట్, కాన్సెప్ట్ మాటల్లోని ‘సెప్’ ఈ నియమం ఫలితాలే. చేయడం అనే ‘ఫకెరె’ క్రియ కూడా ఇదే నియమానికి లోబడింది. ఎఫిషియెంట్, ఎఫెక్ట్ మాటల్లోని తేడా అక్కడిదే.

సందేహాలరావు
ఇది నాకు నచ్చిన సమాధానం, ఎందుకంటే ఇందులో తప్పించుకునే వీలు లేదు. మరి ఇంగ్లీషు ‘హ్యావ్’ సంగతి? ‘కలిగి ఉండు’ అనే అర్థంలో లాటిన్‌లో ‘హబేరె’ ఉంది, ఫ్రెంచిలో ‘అవ్వార్’ ఉంది. ఇవన్నీ మరో కుటుంబం అనుకోవచ్చా?

వైజాగ్_వ్యాకరణం
‘అవ్వార్’ ముమ్మాటికీ ‘హబేరె’ కుటుంబమే. ‘హ్యావ్’ మాత్రం కాదు, దాన్ని ‘కపెరె’ పక్కనే కూర్చోబెట్టాలి. జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించిన ధ్వని నియమం ప్రకారం, లాటిన్‌లో ‘క’ ఉన్నచోట ఇంగ్లీషు, జర్మన్ వంటి జర్మానిక్ భాషల్లో ‘హ’ ఉంటుంది. లాటిన్ ‘కెంతుమ్’ ఇంగ్లీషులో ‘హండ్రెడ్’, ‘కోర్ను’ అక్కడ ‘హార్న్’, ‘కనిస్’ అక్కడ ‘హౌండ్’. ఆ లెక్కన ‘కపెరె’కు జర్మానిక్ తోబుట్టువులు ‘హ’తో మొదలుకావాలి, ఎత్తడం అనే అర్థం గల ‘హీవ్’, దానితో పాటు ‘హ్యావ్’ అలా వచ్చినవే. ఇవి లాటిన్ బిడ్డలు కావు, లాటిన్‌కూ జర్మానిక్‌కూ ఉమ్మడి తల్లి అయిన భాష నుంచి విడిగా దిగివచ్చినవి. ఇక ‘హబేరె’కు ఇంగ్లీషులో తోబుట్టువుగా చాలా నిఘంటువులు చూపేది ‘గివ్’ను.

గుంటూరు_గుమస్తా
కలిగి ఉండటానికి చుట్టం ఇవ్వడమా! మా ఆఫీసులో చందా వసూలు చేసేవారికి ఈ సంగతి చెప్పకండి.

వకీలు_వరలక్ష్మి
చట్టం వైపు నుంచి ఒక మాట. రోమన్ న్యాయంలో భూమి, బానిసలు, పశువుల వంటి ముఖ్యమైన ఆస్తిని కొనేటప్పుడు ‘మంకిపాతియో’ అనే తంతు జరిపేవారు. ‘మనుస్’ అంటే చెయ్యి, దానికి ‘కపెరె’ చేరింది. యుక్తవయస్కులైన ఐదుగురు రోమన్ పౌరులు సాక్షులుగా, తక్కెడ పట్టుకున్న మరొకరు ఎదురుగా ఉండగా, కొనేవాడు ఆ వస్తువును చేత్తో పట్టుకుని నాదని ప్రకటించి, కంచు ముక్కతో తక్కెడను తట్టేవాడు. పిల్లల మీద తండ్రికి ఉన్న అధికారం కూడా అలాంటి పట్టే. క్రీ.పూ. 451–450 నాటి పన్నెండు ఫలకాల శాసనంలో, తండ్రి కొడుకును మూడుసార్లు అమ్మితే కొడుకుకు తండ్రి నుంచి విముక్తి లభిస్తుందని ఉంది. అది దుర్మార్గపు తండ్రికి శిక్షగా పెట్టిన నియమమని చెబుతారు. తరువాతి తరాల న్యాయవాదులు దాన్నే ఉపాయంగా వాడుకుని, నమ్మకస్తుడైన స్నేహితుడికి మూడుసార్లు ఉత్తుత్తిగా అమ్మించి కొడుకును స్వతంత్రుడిని చేసేవారు. ఆ పట్టు నుంచి బయటకు తేవడమే ‘ఎమాన్సిపేషన్’. 1863 జనవరి 1న లింకన్ వెలువరించిన బానిస విముక్తి ప్రకటనకు ఇంగ్లీషులో ఉన్న పేరు అదే మాటతో మొదలవుతుంది.

పదసంచారి
చేత్తో పట్టుకోవడం అనగానే మన ‘పాణిగ్రహణం’ గుర్తుకు రావాలి. భాషాపరంగా చుట్టరికం లేదు గానీ, హక్కును చేతితో చూపించడం రెండుచోట్లా ఒకటే.

బెంగళూరు_భాను
పెళ్ళి మాట వచ్చింది కనుక: సాయంత్రం జరిగే రిసెప్షన్ ‘రెకిపెరె’ నుంచి వచ్చింది. భోజనాల క్యాటరింగ్ మాట, లలిత గారు చెప్పిన ‘అష్తే’ పాత రూపం నుంచి, కొనుగోలుదారు అనే అర్థంలో ఇంగ్లీషుకు వచ్చింది. పెద్ద ఇళ్ళకు సరుకులు కొని తెచ్చేవాడు అన్నమాట. షాపింగ్ బిల్లు మీద ఉండే ‘పర్చేజ్’ కూడా వేట నుంచి వచ్చిందే. వెంటపడి సాధించు అని దాని పాత ఫ్రెంచి అర్థం. తాళి తప్ప అన్నీ ‘కపెరె’యే.

బండి_బాబ్జీ
మా షెడ్డులో ఒకాయన ‘చాసిస్’ కూడా లాటిన్ మాటే అన్నాడు. నిజమేనా?

లియాన్_లలిత
నిజమే బాబ్జీ గారూ. ‘కప్స’ అంటే లాటిన్‌లో పెట్టె, లోపల ఇముడ్చుకునేది అని. అది ‘కపెరె’ కుటుంబంలోదే అని నిఘంటువుల మాట. అది పారిస్ ఫ్రెంచిలో నియమం ప్రకారం ‘షాస్’ అయింది, పవిత్రమైన అవశేషాలు ఉంచే పేటిక అని అర్థం. దాని నుంచి చట్రం అనే అర్థంలో ‘షాసీ’ పుట్టింది. మీ చాసిస్ నంబరు దాని మీదే కొడతారు. ఉత్తరాన నార్మండీ వైపు, దక్షిణ ఫ్రాన్సు, ఇటలీ వైపు రూపాల్లో ‘క’ మారలేదు కాబట్టి ‘కేస్’, ‘క్యాసెట్’, ‘క్యాష్’ మాటలు కకారంతో ఉన్నాయి. చిన్న పెట్టె అనే ‘కప్సుల’ నేటి క్యాప్సూల్.

కాసులపేరు
ఆగండి, ‘క్యాష్’ మన ‘కాసు’ నుంచి వెళ్ళింది. ఇది దక్షిణాదిలో ఎవరినడిగినా చెబుతారు.

చార్మినార్_చదువరి
ఇంగ్లీషులో ఒకే వర్ణక్రమంతో రెండు మాటలున్నాయి, అందుకే ఈ గొడవ. చేతిలోని నగదు అనే ‘క్యాష్’ మొదట డబ్బు దాచే పెట్టె. అది ‘కప్స’ నుంచి ఫ్రెంచి, ఇటాలియన్ల మీదుగా వచ్చింది. ఆసియాలోని చిన్న రాగి నాణెం అనే ‘క్యాష్’ తమిళ ‘కాసు’ నుంచి పోర్చుగీసుల నోట ‘కైష’గా మారి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ 1803లో మద్రాసు కోసం ముద్రించిన రాగి నాణేల మీద ఇరవై క్యాష్ అని ఉన్నది ఈ రెండో మాటే. పోర్చుగీసులో ‘కైష’ అంటే పెట్టె కూడా కావడం, అదీ ‘కప్స’ సంతానమే కావడం వల్ల చిక్కు మరింత బిగిసింది.

కాసులపేరు
నాణెం మీద మనదే ఉంది కదా. నాకు అంతే చాలు.

వకీలు_వరలక్ష్మి
ఇలాంటి మరో జంట: సూట్‌కేసులోని ‘కేసు’ ఈ కుటుంబం, నేను కోర్టులో వాదించే ‘కేసు’ కాదు. అది పడిపోవడం అనే అర్థం గల ‘కదెరె’ నుంచి వచ్చింది, మన మీద వచ్చిపడేది అని. అలాగే ‘కెప్టెన్’, ‘క్యాపిటల్’, ‘చీఫ్’ మాటలను ఇందులో కలపకూడదు. వాటి మూలం తల అనే అర్థం గల ‘కపుత్’. ‘ప్రిన్సిపాల్’ను మాత్రం కలపాలి. మొదటి స్థానం తీసుకున్నవాడు ‘ప్రింకెప్స్’. అగస్టస్ రాజు అనే పేరు పెట్టుకోకుండా ఈ మాటతోనే రోమును ఏలాడు. ‘మున్సిపాలిటీ’ కూడా ఇందులోదే. ఊరి బాధ్యతలు తలకెత్తుకున్నవాడు ‘మూనికెప్స్’.

నీలకంఠం_వాణి
పట్టుబడినవాడి సంగతి ఎవరూ చెప్పలేదు. ‘కప్తీవుస్’ అంటే బందీ. స్పానిష్ ‘కౌతీవో’ ఆ అర్థాన్నే నిలుపుకుంది. ఫ్రెంచి ‘షెతీఫ్’ బక్కచిక్కినవాడైంది, ఇటాలియన్ ‘కత్తీవో’ చెడ్డవాడైంది. క్రైస్తవ రచనల్లో సైతానుకు బందీ అయినవాడు అనే మాట నుంచి ఈ చెడు అర్థం వచ్చిందని వివరిస్తారు. ఓడినవాడి మీద ఎన్ని నిందలైనా వేయవచ్చు కాబోలు.

లియాన్_లలిత
అర్థం బెసికిన మరో జంట ‘దేకిపెరె’ది. వలపన్ని పట్టడం దాని అసలు అర్థం. ఇంగ్లీషు ‘డిసీవ్’ అంటే మోసగించడం, ఫ్రెంచి ‘దెసెవ్వార్’ అంటే నేడు నిరాశపరచడం. ఫ్రెంచివారు ‘దెసెప్సియో’ అన్నప్పుడు మోసపోయామని కాదు, ఆశాభంగమైందని. ఈ తేడా తెలియక కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఆఫీసు ఉత్తరాల్లో అనవసరంగా కంగారు పడుతుంటారు.

సందేహాలరావు
‘కొనడం’ అర్థం ఫ్రెంచిలోనే వచ్చిందా, ఇటలీలో లేదా? నా ఇటాలియన్ పుస్తకంలో కొనడానికి వేరే మాట ఉంది.

మిలాన్_మాధవి
పుస్తకంలో ‘కొంప్రారె’ ఉంటుంది, అది వేరే క్రియ. కానీ నేపుల్స్ వెళ్ళి చూడండి, అక్కడి మాండలికంలో కొనడానికి ‘అక్కత్తా’, సిసిలీలో ‘అక్కత్తారి’ అంటారు. లలిత గారు చెప్పిన ‘అక్కప్తారె’ అచ్చంగా అదే. ప్రామాణిక ఇటాలియన్‌లో మాత్రం ‘అక్కత్తారె’ అంటే అడుక్కోవడం, ‘అక్కత్తోనె’ అంటే బిచ్చగాడు. కాబట్టి మా అపార్ట్‌మెంటులోని నేపుల్స్ పెద్దావిడ బజారు నుంచి కూరగాయలు ‘అక్కత్తా’ చేసి తెచ్చానని చెబితే, ఆవిడ డబ్బిచ్చి కొన్నదనే అర్థం చేసుకోవాలి.

కృష్ణలంక_కుర్రాడు
కొత్తిమీర, కరివేపాకు విషయంలో మా అమ్మ ఆ రెండు అర్థాలనూ ఒకేసారి అమలు చేస్తుంది.